కట్టె స్టెప్నీ

వడ్రంగి వడ్ల వీరస్వామి వాకిట్లో కారు చక్రం ఒకటి పడేయించి, దీనికి కట్టెతో టైరు చెయ్యమని వెంకట్రాం దొర చెప్పినప్పుడు, వీరస్వామి ముందు నవ్వాడు. దొర పరాచికమాడితే నవ్వడం ఊరి మర్యాద. నవ్వుతూనే తలెత్తి చూస్తే దొర ముఖంలో నవ్వు జాడ లేదు. పక్కన నిలబడ్డ డ్రైవర్ సోమనర్సయ్య నేలచూపులు చూస్తున్నాడు. అది పరాచికం కాదని అప్పుడర్థమైంది వీరస్వామికి. కారుకు కట్టె చక్రమనే మాట వాళ్ల తాత కూడా విని ఉండడు.

జఫర్‌గఢ్ అవతల, పక్కా రోడ్డుకు దూరంగా విసిరేసినట్టున్న ఊరు వాళ్లది. ఆ చుట్టుపక్కల ఎవరింట్లో బండి ఉన్నా దాని చక్రాలు వీరస్వామి చేతివే. తుమ్మ మొద్దును ఒకసారి చుట్టి వచ్చి, ఏ ముక్క ఎక్కడికి పనికొస్తుందో గొడ్డలి ముట్టకముందే చెప్పేవాడు. పంట కల్లంలో ఉండగానే రైతులు ఏడాది పనికి ఆయనకివ్వాల్సిన మేర గింజలు పక్కకు తీసిపెట్టేవారు. పనివాడే, కాదనలేం. కానీ తన పనిని మెచ్చుకోవడానికి ఎవరి సాయమూ అడిగేవాడు కాదు. బండి పక్కనుంచి పోతే చాలు, మనిషిని ఆపి మరీ చక్రం చూపించేవాడు. భార్య ఓదెమ్మ, ఇక చాలు పోనియ్యమని లోపలినుంచి కేకేస్తే తప్ప ఆ మనిషికి విముక్తి లేదు.

దొర కారు సంగతి వేరే కథ. అది పాత నల్ల కారు. హైదరాబాద్‌లో చితికిపోయిన ఒక నవాబు దగ్గర కొన్నది. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం రాజుకుని, బస్సులు ఆగి, రోడ్ల మీద మంటలు లేచిన రోజుల్లో దొరకు ఈ కారు మీదే బెంగ. ఎవరొచ్చి తగలబెడతారోనని దాన్ని కొట్టంలోకి తోయించి, ముందు గడ్డి మోపులు పేర్పించాడు. అంత కాపలా కాసినా జరగాల్సింది జరిగింది. వరంగల్ కాలేజీ మూతపడి ఇంటికొచ్చిన కొడుకు ప్రతాప్, గడ్డి తప్పించి, డిక్కీ తెరిచి, స్టెప్నీని దొర్లించుకుపోయి, జనగామ రోడ్డు మీద తన చేత్తో అంటించాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, దొర ఎంత? ఎవరో చెబితే నమ్మలేక సోమనర్సయ్యను పంపాడు. వాడు బూడిదలోంచి మసిబారిన ఇనుప చట్రాన్ని ఎత్తుకొచ్చి ముందు పెడితే, దొర దాన్నీ కొడుకునూ మార్చి మార్చి చూశాడు.

ఆ తర్వాత టైరు కోసం వెతకని చోటు లేదు. ఆ కొలత టైరు రావడం ఎప్పుడో ఆగిపోయిందని జనగామలో చెప్పారు, వరంగల్‌లో చెప్పారు, చివరికి హైదరాబాద్‌లోనూ చెప్పారు. ఉన్న నాలుగింటికే అతుకుల మీద అతుకులు వేయించి నడిపిస్తున్నారు. స్టెప్నీ లేకుండా బయలుదేరడానికి దొరకు ధైర్యం చాలదు. కారు అమ్మడానికి పరువు ఒప్పదు. ఆ ఇరుకులో పడి ఆలోచించి ఆలోచించి, దొర బుర్రకు తట్టిన ఉపాయం ఇది.

"పదూర్ల బండ్లు నీ చక్రాల మీద నడుస్తున్నయి. నా కారు ఎందుకు నడువది?" అన్నాడు దొర.

ఆ ఒక్క మాట వీరస్వామికి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. దానికి కారణముంది. అప్పటికే మానుకోట వైపునుంచి రబ్బరు చక్రాల బండ్లు వస్తున్నాయి. పాత లారీల ఇరుసులూ, అరిగిన టైర్లూ తెచ్చి, పైన చెక్కలు బిగించి ఎడ్లను కడుతున్నారు. ఊళ్లో ఇద్దరు రైతులు అప్పుడే అవి తెచ్చుకున్నారు. వీరస్వామి వాటిని చెప్పులేసుకున్న బండ్లని ఎగతాళి చేసేవాడు గానీ, లోపల మాత్రం గుండెల్లో రాయి పడింది. ఇట్లాగే సాగితే తన ఉలికీ బాడిశకూ పనేం మిగులుతుంది? అట్లాంటి సమయంలో, రబ్బరు మీద పుట్టి రబ్బరు మీద పెరిగిన కారే వచ్చి తన కట్టె కోసం చెయ్యి చాచింది. కారు తన చక్రం మీద నడిస్తే ఇక ఎవరు నోరెత్తుతారు? సరేనన్నాడు.

చేశాడు కూడా. ఇనుప చట్రం చుట్టూ ఎండిన తుమ్మ చెక్కలను వంపుగా చెక్కి ఒకదానిలో ఒకటి దూర్చాడు. వాటి మీదికి ఇనుప పట్టా ఎక్కించే రోజున వాడ వాడంతా ఆయన వాకిట్లోనే ఉంది. పట్టాను పిడకల మంటలో ఎర్రగా కాల్చి, పట్టకార్లతో పట్టుకొచ్చి, కట్టె మీద దించి, బిందెలతో నీళ్లు పోశారు. చుయ్యిమని ఆవిరి లేచింది. చల్లారిన ఇనుము కుంచించుకుని కట్టెను కరిచి పట్టుకుంది. వీరస్వామి దాన్ని సుత్తితో కొట్టి, ఆ మోత అందరికీ వినిపించాడు.

పరీక్ష కోసం సోమనర్సయ్య దాన్ని కారుకు బిగించి దొరను ఎక్కించుకుని జఫర్‌గఢ్ దాకా పోయి వచ్చాడు. రోలును రోడ్డు మీద దొర్లించినంత చప్పుడైంది. కుక్కలు ఊరవతలిదాకా తరిమాయి. దొర పళ్లు ఊడకుండా ఇల్లు చేరాడు. చక్రం మాత్రం చెక్కు చెదరలేదు. ఇది నడిచిందంటే నమ్మలేక జనం వచ్చి తట్టి తట్టి చూశారు. ఆనాటి నుంచి అది డిక్కీలోకి చేరింది. చుట్టాలొస్తే దొర డిక్కీ తెరిచి చూపించేవాడు. వీరస్వామి అయితే రబ్బరు బండి వాళ్లు ఎదురైనప్పుడల్లా గొంతు సవరించుకునేవాడు. ఏండ్లు గడిచాయి. అతుకుల టైర్లు ఎట్లాగో నెట్టుకొచ్చాయి. డిక్కీలో ఉన్నదాన్ని బయటికి తీసే అవసరం రాలేదు.

ఒక వైశాఖంలో ఓదెమ్మ అటక మీంచి పడింది. అటక మీద ఆరబెట్టిన మొద్దులుండేవి. వీరస్వామి ఒకటి తెమ్మన్నాడు, ఆమె నిచ్చెనెక్కింది. కాలు జారి ముందు ఆమె పడింది, వెనకే మొద్దు వచ్చి ఆమె తొడ మీద పడింది. కేక విని వీరస్వామి లోపలికి ఉరికితే, ఆమె కాలు ఉండవలసిన తీరులో లేదు. ఎముకల కట్టు కట్టే మనిషి వచ్చాడు. వేలితో తాకి, విరిగింది తుంటికి దగ్గర్లోనని, ఇది తన కట్టుకు అందదని, ఆలస్యం చేస్తే కాలే కాదు మనిషే దక్కదని చెప్పి, జనగామ దవాఖానకు తీసుకుపొమ్మన్నాడు.

వీరస్వామి ఊళ్లోకెల్లా మంచి బండి కట్టించాడు. తానే చేసిన చక్రాలు, తానే చేసిన ఇరుసు. మోకాలెత్తు గడ్డి పరిచి, పైన గొంగడి వేసి, ఆమెను పడుకోబెట్టాడు. ఎడ్లు రెండడుగులు వేశాయో లేదో ఓదెమ్మ గొంతు చించుకుంది. రాయి మీదికి ఎక్కితే ఒక కేక, దిగితే ఒక కేక. వాడ మలుపు తిరగకముందే, దింపమని, చస్తే ఇంట్లోనే చస్తానని ఏడ్చింది. తొవ్వ మంచిగ లేదని వీరస్వామి చుట్టూ ఉన్నవాళ్లతో అన్నాడు.

అక్కడినుంచి దొర గడికి ఉరికాడు. దొరను ఏమన్నా అనవచ్చు గానీ, ఆనాడు మారు మాట్లాడలేదు, కారు తీయమన్నాడు. ఓదెమ్మను వెనక సీటు మీద పొడుగునా పడుకోబెట్టారు. వీరస్వామి సీటుకూ సీటుకూ మధ్య ఇరుక్కుని కూర్చుని, ఆమె కాలు కదలకుండా రెండు చేతులా పట్టుకున్నాడు. సోమనర్సయ్య నడక కంటే కొంచెం నయమన్నంత మెల్లగా పోనిచ్చాడు. ఆమె పళ్ల బిగువున మూలుగుతున్నదే గానీ కేక వేయడం లేదు. ఇక గండం గడిచినట్టేనని వీరస్వామి కులదేవతకు దండం పెట్టుకుంటుండగానే వెనక టైరు ఢామ్మని పేలింది.

ముందూ వెనకా ఊరు లేని చోటు. పక్కనే చెరువు ఉన్నమాట నిజమే గానీ, దాంట్లో నీటిచుక్క లేదు. నేల పర్రెలిచ్చి ఉంది. అయినా వీరస్వామి బెదరలేదు. స్టెప్నీ ఉంది కదా, తన చేతి స్టెప్నీ. ఇటువంటి రోజు కోసమే అది పుట్టిందేమోనని కూడా అనిపించింది. సోమనర్సయ్య డిక్కీ తెరిచి చక్రాన్ని కిందికి దించాడు. అది నేలకు తగిలినప్పుడు వచ్చిన చప్పుడు విని వీరస్వామి ఆమె కాలు వదిలి కారు దిగి వచ్చాడు. మోత లేదు. లొడలొడమని పాత తలుపు ఊగినట్టు వినిపించింది.

ఆ ప్రాంతంలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి ఒకటుంది. కట్టె చక్రం ఎండకు ఎండితే కట్టె ముడుచుకుంటుంది, ఇనుప పట్టా వదులవుతుంది. అందుకే ఎండకాలం రైతులు చక్రాలు విప్పి కుంటలో పడేస్తారు. నీళ్లు తాగి కట్టె ఉబ్బితే పట్టా మళ్లీ బిగుస్తుంది. ఆ మాట మరిచిన రైతును వీరస్వామి నలుగురిలో దులిపేసేవాడు. అట్లాంటిది, ఈ చక్రం ఇన్ని ఎండకాలాలు రేకు డిక్కీలో ఉడికింది. వేలు పెడితే పట్టాకూ కట్టెకూ నడుమ సందులో దూరిపోతోంది.

"దీన్ని నీళ్లల్ల ఎయ్యలేదా?" అని అడిగాడు వీరస్వామి.

సోమనర్సయ్య బిత్తరపోయి చూశాడు. "కారు చక్రాన్ని నీళ్లల్ల ఎందుకేస్తరన్న? నువ్వన్న చెప్పలే గద."

నిజమే, చెప్పలేదు. చెప్పాలని ఆయనకే తోచలేదు. ఆ చక్రం డిక్కీలోకి ఎక్కిన క్షణాన అది ఆయన దృష్టిలోనూ బండి చక్రం కావడం మానేసింది. కారు సామానైపోయింది. వీరస్వామి అక్కడే దుమ్ములో కూలబడ్డాడు. ఊరందరికీ బుద్ధి చెప్పిన నోరు, తన పెండ్లాం ప్రాణం మీదికి వచ్చేదాకా మూసుకుని ఉందని తలుచుకుంటే ఆయనకు తన మీద తనకే అసహ్యమేసింది.

కూర్చుంటే పని కాదు. రోడ్డు పక్కన కంప విరిచి చీలలు చెక్కాడు. రాయితో వాటిని సందుల్లోకి కొట్టాడు. తువ్వాల చించి పేలికలు కుక్కాడు. ఓదెమ్మ తాగడానికి తెచ్చిన నీళ్లు ఆమెకో గుక్క పోసి, మిగతావన్నీ చక్రం మీద పోశాడు. కట్టె ఆ నీళ్లను పీల్చుకుంది గానీ ఉబ్బడానికి రాత్రంతా కావాలి. అంత వ్యవధి ఎక్కడిది? దేవుడి మీద భారం వేసి బిగించారు.

కారు కదిలింది. కొంతదూరం నడిచింది కూడా. వీరస్వామి చెవులు ఆ చక్రం మీదే పెట్టి కూర్చున్నాడు. ఉన్నట్టుండి చప్పుడు మారింది. కిటికీలోంచి చూస్తే, ఇనుప పట్టా తనంతట తాను దొర్లుకుంటూ కారును దాటి ముందుకు పోతోంది. ఆయన కళ్ల ముందే అది రోడ్డు దాటి, ఎండిన చెరువు కట్ట దిగి, తూలి పడిపోయింది. అది ఏమిటో బుర్రకు ఎక్కేలోపే వెనక కట్టెలు పటపటమని రాలాయి, కారు ఒక మూలకు కుంగింది. ఓదెమ్మ పెట్టిన కేక ఎటువంటిదంటే, సోమనర్సయ్య చెవులు మూసుకుని ఏడ్చాడు.

అప్పుడే ఎదురుగా ఒక బండి వచ్చింది. తండా దేవ్‌సింగ్ ఘన్‌పూర్ స్టేషన్‌లో బస్తాలు దించి ఖాళీగా వస్తున్నాడు. కింద రబ్బరు చక్రాలు. వీరస్వామి తల దించుకున్నాడు. కిందటేడు ఈ దేవ్‌సింగే ఇంటికొచ్చి, ఈ బండికి కొత్త నొగ కర్ర బిగించమని బతిమాలాడు. నీ చెప్పుల బండిని నా వాకిట్లో నిలపకు పొమ్మని పదిమందిలో కసిరి పంపాడు వీరస్వామి. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని అడగాలి?

దేవ్‌సింగ్ బండి దిగి, కారులోకి తొంగి చూశాడు. రోడ్డు మీద చెదిరిన కట్టెలను చూశాడు. ఎడ్లను మళ్లించి బండిని కారు దగ్గరికి తెచ్చి ఆపాడు.

"అక్కను ఎక్కియ్యి అన్న," అన్నాడు. "స్టేషన్ల రైలెక్కితె జనగామ ఎంతసేపు."

బండిలో ఉన్నది పిడికెడు గడ్డి, నాలుగు ఖాళీ సంచులు. వీరస్వామి తన బండిలో పరిచినదాంట్లో సగం కూడా కాదు. ముగ్గురూ కలిసి ఓదెమ్మను ఎత్తి పడుకోబెట్టారు. సోమనర్సయ్య కారు దగ్గరే ఉండిపోయాడు. వీరస్వామి బండి ఎక్కలేదు. ఎక్కడానికి మనసొప్పక, పక్క కర్ర పట్టుకుని నడిచాడు. ముందు గుంత ఒకటి వస్తోంది. ఆమె కేక కోసం భుజాలు బిగించుకున్నాడు. చక్రం గుంతలో దిగింది, ఎక్కింది. కేక రాలేదు. తర్వాత రాళ్లు తేలిన చోటు వచ్చింది. అక్కడా కేక రాలేదు. మూలుగు కూడా లేదు.

తలెత్తి చూశాడు. ఓదెమ్మ కళ్లు మూసుకుని ఉన్నాయి. నోరు కొంచెం తెరుచుకుంది. చెయ్యి బండి పక్కకు జారి, బండి ఊగినట్టల్లా ఊగుతోంది. పిలిచాడు, పలకలేదు. మళ్లీ పిలిచాడు. ఆ పిలుపులు విని దేవ్‌సింగ్ వెనక్కి చూసి ఎడ్లను నిలిపాడు. వీరస్వామి బండి మీదికి ఎగబాకి, చెయ్యి ఆమె ముక్కు దగ్గర పెట్టాడు.

వెచ్చగా తగిలింది. ఆ వెంటనే సన్నగా గురక వినిపించింది.

నిద్రపోతోంది. తొడ ఎముక విరిగిన మనిషి, పడ్డప్పటి నుంచి మూలుగు ఆపని మనిషి, నడుస్తున్న బండిలో నిద్రపోతోంది. వీరస్వామికి ముందు ప్రాణం లేచి వచ్చింది. కళ్లు తుడుచుకున్నాడు, మనసులోనే దేవుళ్లందరికీ మొక్కాడు. ఆ తర్వాత తట్టింది అసలు సంగతి. తట్టిన తర్వాత ఆయన నిలువునా కొయ్యబారిపోయాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి బండ్లు చేస్తున్నాడు. తన చక్రాల మీద పెండ్లిళ్లకు పోయారు, జాతరలకు పోయారు, పురుళ్లకు పోయారు. వాటి మీద ఒక్క మనిషి నిద్రపోగా ఆయన చూడలేదు. బండి అంటే కుదుపు ఉంటుందనుకున్నాడు. ఎండ ఉన్నట్టు, వాన ఉన్నట్టు అదీ ఉంటుందనుకున్నాడు. దాన్ని తన చేత్తోనే చేస్తున్నానని ఎన్నడూ అనుకోలేదు.

ఓదెమ్మ కాలు జనగామలో అతికింది, కొంచెం పొట్టిగానే అతికింది. కొంతకాలానికి వీరస్వామి రబ్బరు చక్రాల మీదికి చెక్కలు బిగించే పని ఒప్పుకున్నాడు. దవాఖాన ఖర్చు ఆయన్ను మెత్తబరిచిందని ఊళ్లో కొందరన్నారు. అటువంటిదేమీ లేదు. ఆయన్ను మార్చింది ఘన్‌పూర్ రైలు గేటు దగ్గర ఓదెమ్మ నోట వచ్చిన మాట. గేటు పడి బండి ఆగితే ఆమెకు మెలకువ వచ్చింది. కాసేపు ఆకాశంకేసి చూసింది. ఇది ఎవరు చేసిన బండి అని అడిగింది. మానుకోటలో చేయించారట అని వీరస్వామి చెప్పాడు. తర్వాత ఆమె అన్న మాటలో నిష్ఠూరం ఏమాత్రం లేదు. అందుకే ఆయన తట్టుకోలేకపోయాడు.

"పెండ్లైన సంది నీ బండ్లనే తిరిగిన గద," అంది ఓదెమ్మ. "కురవి జాతరకు పోయొచ్చినప్పుడల్ల నడుము ఇరిగినట్టయ్యేది. నా ఒంట్లనే ఏదో తక్కువున్నదనుకున్న."